పట్టా లేని ఆచార్యుడు: లయొనెల్ లోగ్

మన పూర్వులు వేదాంగాలు ఆరింటిలో శిక్షకు మొదటి స్థానం ఇచ్చారు. వర్ణం ఏ స్థానంలో పుడుతుందో, ఏ ప్రయత్నంతో వెలువడుతుందో, ఊపిరి ఎక్కడ ఆగి ఎక్కడ సాగాలో చెప్పే శాస్త్రం అది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని నేటికీ మన బడిపిల్లలు వల్లించేది ఆ శాస్త్రపు ప్రసాదమే. ఉచ్చారణను ఇంత సూక్ష్మంగా పరిశీలించిన దేశంలో సైతం, నోట మాట తడబడే పిల్లవానికి దక్కింది పరిహాసం. నత్తివాని మాటను అనుకరించి నలుగురిని నవ్వించడం వీథి అరుగుల మీద నుండి వెండితెర దాకా మనకు వినోదంగానే సాగుతూ వచ్చింది. ఈ పాపం ఒక్క మనది మాత్రమే కాదు. గులకరాళ్ళు నోట పెట్టుకొని, సముద్రఘోషకు ఎదురు నిలిచి మాట సాధించాడన్న డెమాస్తనీసు గాథను గౌరవించిన పాశ్చాత్యులు కూడా, తమ ఇంటి నత్తి పిల్లవానిని చూచి నవ్వినవారే.

తడబడే నోటికి సాయం చేసే విద్య ఒకటి కలదనీ, ఆ విద్య నేర్చినవానికి సంఘంలో ఒక పేరు, ఒక ప్రమాణం, ఒక స్థానం ఉండాలనీ లోకం గుర్తించడం మొదలుపెట్టి సుమారు నూరేళ్ళు అయింది. ఆ గుర్తింపు కోసం పాటుపడిన వారిలో విచిత్రమైన జీవితం గలవాడు లయొనెల్ లోగ్. ఆయన వైద్యుడు కాడు. విశ్వవిద్యాలయ పట్టభద్రుడు కాడు. ఒక రాజు గొంతును సరిదిద్దినవాడుగా 2010లో వచ్చిన ఇంగ్లీషు చలనచిత్రం ఆయనను దేశదేశాలకు పరిచయం చేసింది. అయితే ఆయన చేసిన రెండవ పని, ఒక వృత్తికి పునాదులు వేయడం, ఆ చిత్రం చూచిన వారికి కూడా అంతగా తెలియదు.

లోగ్ 1880 ఫిబ్రవరి 26న దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరంలో జన్మించాడు. పూర్వులు ఐర్లండు నుండి వలస వచ్చినవారు. ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ కళాశాల అనే పాఠశాలలో చదువుకున్నాడు. చదువులో ఆయనకు ప్రత్యేకమైన ప్రతిభ ఏదీ కనబడలేదు. ఒకనాడు లాంగ్‌ఫెలో కవి రచించిన హయవాతా కావ్యం ఆయన కంటబడింది. ఆ పద్యాల నడక, ఆ లయ బాలుని పట్టివేశాయి. అర్థానికి ముందు నాదం మనసును పట్టుకోవడం పద్యం చదివే అలవాటున్న మన తెలుగువారికి కొత్త అనుభవం కాదు. ఆ లయ వెంటబడి లోగ్ ఎడ్వర్డ్ రీవ్స్ అనే వాచక గురువు వద్ద శిష్యరికం చేశాడు. ఎల్డర్ సంగీత కళాశాలలో సంగీతం అభ్యసించాడు. ఆ రోజులలో రేడియో లేదు, ధ్వనివర్ధకం లేదు. సభలో వెనుక వరుసవానికి వినబడేటట్లు స్పష్టంగా మాట్లాడడం, కావ్యఖండాలను రసవంతంగా చదివి వినిపించడం ఒక కళగా ఆదరణ పొందేవి. లోగ్ ఆ కళలో పేరు గడించాడు.

కొంతకాలం పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు గనుల ప్రాంతంలో పనిచేసి, పిదప పెర్త్ నగరం చేరి అక్కడ వాచక పాఠశాల పెట్టాడు. 1907లో మిర్టిల్ గ్రూనెర్ట్ అనే యువతిని వివాహమాడాడు. 1908లో వక్తృత్వ సంఘం ఒకటి స్థాపించాడు. నగరంలోని సాంకేతిక విద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ముగ్గురు కుమారులు కలిగారు. పేరున్న ఒక ఉపాధ్యాయునిగా ఆయన జీవితం అక్కడే, ఆ విధంగానే ముగిసి ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం దాన్ని మలుపు తిప్పింది.

1914లో మొదలైన ఆ యుద్ధంలో ఆస్ట్రేలియా యువకులు వేల మైళ్ళ దూరం వెళ్ళి పోరాడారు. తిరిగి వచ్చిన వారిలో పలువురికి కాళ్ళు చేతులు ఉన్నాయి కాని మాట లేదు. కొందరికి ఫిరంగి మోతలకు మనసు బెదరి నోరు పెగలలేదు. కొందరికి విషవాయువు సోకి గొంతు పోయింది. వైద్యులు గొంతు పరీక్షించి, తాము చేయగలిగింది చేసి పంపివేసేవారు. అటువంటి వారిలో ఒక సైనికుడు గుసగుసగా తప్ప మాట్లాడలేని స్థితిలో లోగ్ వద్దకు వచ్చాడు. లోగ్ అతనిచేత ఊపిరి పట్టడం, వదలడం అభ్యాసం చేయించి, ఒక్కొక్క ధ్వనినే పలికించి, నీకు మాట వస్తుందన్న ధైర్యాన్ని అతని మనసులో నాటాడు. కొద్ది దినాలలో అతని గొంతు తిరిగి పలికింది. 1919లో ఈ సంగతి పత్రికలకు ఎక్కింది. మరికొందరు సైనికులు వచ్చారు. రంగస్థలం మీది కళగా తాను నేర్చిన విద్యకు బాధితుల పట్ల ఇంకొక ప్రయోజనం ఉన్నదని లోగ్‌కు అర్థమైంది. వాచక గురువు వాక్చికిత్సకుడుగా మారిన ఘట్టం ఇది.

1924లో భార్యాబిడ్డలతో ఇంగ్లండు చేరాడు. పేరుకు అది విహారయాత్ర. చేరిన తరువాత తిరిగి పోలేదు. మొదట లండను పరిసరాల బడులలో ఉచ్చారణ పాఠాలు చెప్పుకొని బ్రతికాడు. పిదప హార్లీ వీథి 146వ నెంబరు ఇంటిలో గదులు అద్దెకు తీసుకొని బోర్డు కట్టాడు. హార్లీ వీథి లండనులో పేరుమోసిన వైద్యుల వీథి. అక్కడ పట్టా లేని పరదేశి ఒకడు బోర్డు కట్టడం సాహసం. కలిగినవారి వద్ద పుచ్చుకున్న రుసుముతో లేనివారికి చికిత్స జరిపేవాడు.

ఆ గదులకే 1926 అక్టోబరు 19న యార్క్ డ్యూకు వచ్చాడు. ఆయన అయిదవ జార్జి చక్రవర్తి రెండవ కుమారుడు. బాల్యం నుండి నత్తి. పుట్టుకతో ఎడమచేతివాటం కాగా కుడిచేతితో వ్రాయించారు. వంకర కాళ్ళు సరిచేయాలని బద్దలు కట్టారు. తండ్రి కోపిష్ఠి. మాట తడబడినప్పుడల్లా తండ్రి అసహనం చూపితే తడబాటు రెట్టించేది. 1925 అక్టోబరు 31న వెంబ్లీలో సామ్రాజ్య ప్రదర్శన ముగింపు సభలో ఆయన చేసిన ప్రసంగం ఆయనకూ విన్నవారికీ నరకమైంది. అప్పటికే పలువురు నిపుణులు చూచి విఫలులయ్యారు. ఇక ఏ వైద్యమూ వద్దని ఆయన నిరాశ చెందిన దశలో భార్య ఎలిజబెత్ బ్రతిమాలి పంపించింది.

లోగ్ పెట్టిన మొదటి నియమం గమనించదగినది. రాజకుమారుడైనా చికిత్సకు తానే నడిచి రావాలి, తాను రాజగృహానికి వెళ్ళనన్నాడు. ఇది అహంకారం వల్ల పెట్టిన నియమం కాదు. మెట్లెక్కి వచ్చే ఆ ప్రయత్నమే చికిత్సలో మొదటి భాగమని ఆయన నమ్మకం. స్వరపేటికకూ ఉదరవితానానికీ పొందిక కుదరకపోవడమే లోపమని ఆయన నిర్ణయించాడు. దినానికి ఒక గంట ఊపిరి అభ్యాసం చేయమన్నాడు. తెరిచిన కిటికీ ముందు నిలబెట్టి, ఒక్కొక్క అచ్చును పదిహేను సెకన్ల పాటు గొంతెత్తి పలికించేవాడు. సంగీతంలో సాధకం చేసినవారికి ఈ పద్ధతి వెంటనే బోధపడుతుంది. పధ్నాలుగు మాసాలలో ఎనభైకి పైగా పర్యాయాలు డ్యూకు ఆ మెట్లెక్కాడు. అభ్యాసం మొదలైన ఏడవ మాసంలో, 1927 మే 9న, ఆస్ట్రేలియా కొత్త రాజధాని కాన్‌బెరాలో పార్లమెంటు భవనాన్ని ప్రారంభిస్తూ నిరాటంకంగా ప్రసంగించాడు. చలనచిత్రంలో ఈ చికిత్స అంతా 1930 దశాబ్దిలో జరిగినట్లు కనబడుతుంది. నిజానికి పునాది అంతకు ముందే పడింది.

1936 డిసెంబరులో అన్న సింహాసనం వదలుకొనగా డ్యూకు ఆరవ జార్జిగా రాజయ్యాడు. 1937 మే 12న పట్టాభిషేకం జరిగింది. ఆ రాత్రి రేడియోలో సామ్రాజ్యమంతటికీ ప్రసంగించవలసి వచ్చినప్పుడు లోగ్ ప్రక్కన ఉన్నాడు. 1939 సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించిన సాయంకాలం కూడా రాజు మైకు ముందు నిలిచినప్పుడు ఆ గదిలో లోగ్ ఉన్నాడు. ఉపన్యాస పాఠంలో ఎక్కడ ఊపిరి తీయాలో గీతలతో గుర్తులు పెట్టేవాడు. రాజు నోట చిక్కుపడే పదాలు తీసి తేలిక పదాలు వేసేవాడు. 1944 క్రిస్మసు ప్రసంగానికి మాత్రం రాజు గురువు అవసరం లేకుండా ఒంటరిగా మైకు ముందు కూర్చున్నాడు. లోగ్ తన ఇంట కూర్చొని రేడియోలో విన్నాడు. శిష్యునికి తన అవసరం తీరిపోయిన దినం కంటె గురువుకు పండుగ దినం మరొకటి ఉండదు.

ఇంతవరకు లోకానికి తెలిసిన కథ. ఇకపైది లోగ్ తన వృత్తి కోసం చేసిన కథ.

ఆనాటి పరిస్థితి ఇది. నత్తికి మందు ఇస్తాను, మాట తెప్పిస్తాను అని ఎవరైనా బోర్డు కట్టవచ్చు. అడిగే నాథుడు లేడు. బిడ్డకు మాట రాక అల్లాడే తల్లిదండ్రుల వద్ద సొమ్ము గుంజిన మాయగాళ్ళు ఎందరో. అందువల్ల నిజంగా విద్య తెలిసినవాడు కూడా వైద్యుల కంటికి ఆ మాయగాళ్ళలో ఒకడుగానే కనబడేవాడు. లోగ్ ఆ అవమానం చవిచూచినవాడే. ఇంకొక వైపు, కొన్ని వైద్యశాలలలో వాగ్దోషాలకు చికిత్సాలయాలు వెలసి ఉన్నాయి. నటులకు గొంతు సాధన నేర్పిన ఎల్సీ ఫోగర్టీ వంటి విదుషీమణులు వాటిలో పనిచేస్తూ శిష్యులను తయారు చేస్తున్నారు. పని ఉన్నది, పనివారు ఉన్నారు, వారికి ఒక ఉమ్మడి ప్రమాణం మాత్రం లేదు.

అమెరికాలో ఈ కొరతను ముందుగా గుర్తించారు. 1925లో ఇరువది అయిదుగురు కలిసి వాగ్దోష నివారకుల పరిషత్తు ఒకటి స్థాపించారు. అదే పెరిగి నేడు వాక్చికిత్సకులకూ శ్రవణ నిపుణులకూ కలిపి ఒక మహాసంఘంగా ఉన్నది. ఇంగ్లండులో 1934లో ఒక సంఘం పుట్టింది. 1935లో లోగ్ పూనికతో బ్రిటిష్ వాక్చికిత్సకుల సంఘం మరొకటి పుట్టింది. ఉన్నవారే గుప్పెడుమంది, ఆ గుప్పెడుమందికి రెండు సంఘాలు. ఈ విషయంలో మనం తెలుగువారం ఇంగ్లీషువారిని చూచి నవ్వనక్కరలేదు. చివరకు రెండు సంఘాలూ తమ భేదాలు ప్రక్కన పెట్టి 1945లో ఏకమై వాక్చికిత్సకుల కళాశాలగా రూపొందాయి. ఇక్కడ కళాశాల అంటే పాఠాలు చెప్పే భవనం అని అర్థం కాదు. వృత్తికి ప్రమాణాలు నిర్ణయించి, పరీక్షలు జరిపి, యోగ్యులకు అధికారపత్రం ఇచ్చే పరిషత్తు అని అర్థం. దాని స్థాపక సభ్యులలో లోగ్ ఒకడు.

ఆ ఐక్యత సమయానికి కుదిరింది. 1944 విద్యా చట్టాన్ని అనుసరించి 1945లో వెలువడిన నిబంధనలలో, ప్రత్యేక శ్రద్ధ అవసరమైన బాలబాలికల తరగతులలో వాగ్దోషం గలవారిని కూడా చేర్చారు. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైంది. వాక్చికిత్సకుడు ఎవరు, అతడు ఏమి చదివి ఉండాలి అని ప్రభుత్వం అడిగితే చెప్పగల సంస్థ అప్పటికి సిద్ధంగా ఉన్నది. ఇది లేకపోయి ఉంటే, చట్టంలో చికిత్స అన్న మాట ఉండేది, దానిని చేసేవారెవరో తేలేది కాదు.

లోగ్ జీవితంలో ఇదే నా మనసును కదిలించే ఘట్టం. ఆయన నిలబెట్టిన పరిషత్తు విధించిన నియమాలను బట్టి చూస్తే, ఆయన వలె ఏ పరీక్షా ఇవ్వకుండా వచ్చిన యువకునికి ఇక ఆ వృత్తిలో ప్రవేశం లేదు. తాను ప్రవేశించిన ద్వారాన్ని తన చేతులతోనే మూసివేశాడు. ప్రతిభ గలవాడు పట్టా లేకుండా కూడా రాణిస్తాడు, దానికి తానే సాక్ష్యం. అయితే ప్రతిభ లేనివాడు కూడా అదే ద్వారాన ప్రవేశిస్తాడు, వానిచేత మోసపోయేది నోరులేని బిడ్డ. ఈ రెండింటిలో బిడ్డ క్షేమాన్నే ఆయన కోరుకున్నాడు. తన కీర్తికి భంగమైనా తన విద్యకు భంగం రాకూడదని కోరేవాడే ఆచార్యుడు.

1948 నాటికి పరిషత్తు సభ్యులు సుమారు 350 మంది. బ్రిటిష్ వైద్య సంఘం దానిని గుర్తించింది. అరవై ఎనిమిదేళ్ళ లోగ్ ఆ సంగతులు రాజుకు విన్నవించుకొని, పరిషత్తుకు పోషకుడుగా ఉండవలసిందని అర్థించాడు. ఇన్నేళ్ళ పరిచయంలో తన వృత్తి తరఫున ఆయన కోరిన వరం ఇది. రాజు సమ్మతించాడు. తన నత్తిని దాచుకోదలచిన రాజైతే ఆ సంఘానికి తన పేరు ఇచ్చి ఉండడు. ఆ సమ్మతిలో సిగ్గు వదలిన మనిషి కనబడతాడు. 1995లో ఆ పరిషత్తుకు రాజబిరుదు కూడా లభించింది.

లోగ్ చివరి దినాలు దుఃఖమయాలు. 1945 జూనులో మిర్టిల్ మరణించింది. నలభై ఏళ్ళకు చేరువైన సాహచర్యం తెగిపోయింది. 1952 ఫిబ్రవరి 6న రాజు గతించాడు. రాజమాత లోగ్‌కు వ్రాసిన జాబులో, ఆయన తన భర్తకు మాట విషయంలోనే గాక జీవితమంతటా మేలు చేశాడని కృతజ్ఞత తెలిపింది. 1953 ఏప్రిల్ 12న లండనులో లోగ్ తనువు చాలించాడు. కుమారులలో ఒకడైన వాలెంటైన్ నాడీ శస్త్రవైద్యుడుగా ప్రఖ్యాతుడయ్యాడు. తండ్రికి లేని వైద్యపట్టా ఆ విధంగా ఇంటికి వచ్చింది.

ఆయన లోపాలు చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. లోగ్ తన పద్ధతిని శాస్త్రగ్రంథంగా వ్రాయలేదు. అందుచేత ఆయన శిష్యులకు మిగిలింది కొంత, ఆయనతో పోయింది కొంత. నత్తికి కారణం ఊపిరి పొందిక లేకపోవడమే అన్న ఆయన నిర్ణయాన్ని నేటి శాస్త్రం పూర్తిగా అంగీకరించదు. నత్తి సాధారణంగా రెండు మొదలు అయిదేళ్ళ వయసు మధ్య మొదలవుతుందనీ, వంశానుగతంగా వచ్చే అవకాశం ఉన్నదనీ, చాలామంది పిల్లలలో దానంతట అదే తగ్గుతుందనీ, పెద్దలలో నూటికి ఒకరికి నిలిచిపోతుందనీ నేడు తెలుసు. రాజుకు కూడా నత్తి పూర్తిగా పోలేదు. దానితో బ్రతకడం, దానిని దాటి మాట్లాడడం ఆయన నేర్చుకున్నాడు. అయినా లోగ్ గ్రహించిన మూలసత్యం చెక్కుచెదరలేదు. నత్తి బుద్ధిలోపం కాదు, గుణదోషం కాదు. నత్తివాని ఎదుట కూర్చొనేవాని ఓర్పే సగం మందు.

మన దేశంలో ఈ విద్య ఆలస్యంగా వేరూనింది. 1965లో మైసూరులో వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది. 1967లో ఈ వృత్తివారి అఖిల భారత సంఘం ఏర్పడింది. 1983లో బొంబాయిలో స్థాపించిన జాతీయ శ్రవణ సంస్థకు మన హైదరాబాదు బిడ్డ, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో ఉన్నది. 1992లో పార్లమెంటు చేసిన పునరావాస పరిషత్తు చట్టం, శిక్షణ పొంది పేరు నమోదు చేసుకున్నవారే ఈ చికిత్స చేయాలని విధించింది. హార్లీ వీథిలో లోగ్ కోరిన ప్రమాణం ఆ విధంగా మన గడపకూ వచ్చింది. అయినా చట్టం ఢిల్లీలో ఉంటే చాలదు, పల్లెలోని తల్లిదండ్రులకు తెలియాలి. వారికి తెలియజెప్పగలవాడు బడిపంతులే.

నేను ముప్పై ఏళ్ళకు పైగా తరగతి గదులలో నిలబడినవాడను. హాజరు పిలిచినప్పుడు బదులు చెప్పలేక చేయి మాత్రం ఎత్తే విద్యార్థిని నేను చూచాను. మొదటి రోజులలో, నోరు లేదా అని గద్దించాను కూడా. ఆ పిల్లవాడు పద్యం అప్పగించమంటే తెల్లబోయేవాడు. అందరితో కలిసి గొంతు కలిపి పాడమంటే మాత్రం ఒక్క అక్షరం తడబడకుండా పాడేవాడు. అతనికి పద్యం రాక కాదు, నా చూపు ఎదుట మాట రాక అని నాకు తెలియడానికి ఒక సంవత్సరం పట్టింది. ఆ సంవత్సరం నేను అతనికి తిరిగి ఇవ్వలేను.

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఇది. మాట తడబడే బిడ్డ మాట పూర్తయ్యే దాకా ఆగండి. అతని మాటను మీరు అందుకొని పూరించకండి. నిదానంగా మాట్లాడు, ఊపిరి పీల్చుకో అని నలుగురిలో హెచ్చరించకండి. తోటివారు నవ్వితే ఆ నవ్వును ఆపండి. శిక్షణ గల వాక్చికిత్సకుడు సమీప పట్టణంలో ఎక్కడ ఉన్నాడో తెలుసుకొని తల్లిదండ్రులకు చెప్పండి. విద్యార్థులారా, మీ ప్రక్క బల్ల మీద కూర్చున్నవాడు ఒక్క మాట పలకడానికి పడే శ్రమ, మీరు పది పుటల పాఠం చదవడానికి పడే శ్రమ కంటె ఎక్కువ కావచ్చు. లోగ్ పట్టా లేకుండా చేసిన పనిలో మొదటి మెట్టు వినడం. దానికి మనకు కూడా ఏ పట్టా అవసరం లేదు.